విమానం అంటే గుండె దడా? అది ఈమాన్ లోపం కాదు

ఉమ్రా టికెట్లు వాట్సాప్‌లో వచ్చి పడగానే ఇల్లంతా పండగ. అబ్బా ఇహ్రామ్ గుడ్డలు ఎక్కడ కొనాలా అని ఫోన్లు మొదలుపెడతారు. కోడలు సూట్‌కేసు దించి దుమ్ము దులుపుతుంది. పక్కింటి ఖాలా వచ్చి దుఆల చీటీ రాయించి పోతుంది. అమ్మీ ఒక్కరే మాట్లాడరు. రెండు రోజులు పోయాక మెల్లగా అంటారు, "మోకాళ్లు సహకరించట్లేదు బేటా, ఈసారికి మీరు వెళ్లిరండి. నేను వచ్చే రంజాన్‌కు చూస్తా."

మోకాళ్ల నొప్పి అబద్ధం కాదు. కానీ అసలు కారణం అది కాదు, విమానం. ఆ మాట పైకి అంటే పిల్లలు నవ్వుతారేమో అని, బంధువులు "అల్లాహ్ ఇంటికి పోవడానికి భయమా" అంటారేమో అని లోపలే దాచుకుంటారు. పాతబస్తీలో, నిజామాబాద్‌లో, కర్నూలులో, కడపలో ఇలాంటి ఇళ్లు ఎన్నో. వచ్చే రంజాన్ ఆ పై రంజాన్ అవుతుంది. ఈలోగా నిజంగానే మోకాళ్లు పోతాయి.

ఇది పెద్దవాళ్ల సమస్య మాత్రమే అనుకుంటే పొరపాటు. పదేళ్లుగా దమ్మామ్‌లోనో కువైట్‌లోనో పని చేస్తూ డజను సార్లు విమానం ఎక్కి దిగినవాడికి, ఒక వానాకాలం ప్రయాణంలో విమానం గట్టిగా కుదిపేసిన తర్వాత భయం పట్టుకోవచ్చు. అప్పటి నుంచి సెలవు దొరికినా ఇంటికి రావడం వాయిదా వేస్తాడు. తల్లికి కారణం చెప్పడు, సేఠ్ సెలవు ఇవ్వలేదంటాడు. నికాహ్ అయి ఏడాది దాటినా భర్త దగ్గరికి వెళ్లని అమ్మాయిలున్నారు. వీసా వచ్చే ఉంటుంది, కదలనిది ఆమె కాలు.

ఢిల్లీకో ముంబైకో అయితే రైలు ఉంది. సౌదీకి ఆ దారి లేదు. ఒకప్పుడు హాజీలు ముంబై నుంచి ఓడలో జిద్దా వెళ్లేవాళ్లు. వారం పైనే పట్టే ఆ సముద్ర ప్రయాణం 1995తో ఆగిపోయింది. ఇప్పుడు మన దేశం నుంచి హజ్ అన్నా ఉమ్రా అన్నా విమానమే. కాబట్టి ఈ భయాన్ని "పోనీలే, అలవాటు లేదు" అని వదిలేస్తే ఆ మనిషి జీవితంలో ఒక పెద్ద తలుపు మూసుకుపోయినట్టే.

భయం ఒకటి కాదు

డాక్టర్లు దీన్ని ఏవియోఫోబియా అంటారు. పేరు ఒకటే గానీ లోపల ఉండే భయం మనిషి మనిషికీ వేరు. కొందరికి విమానం కూలిపోతుందన్న భయం. కొందరికి కూలుతుందన్న చింతే ఉండదు, తలుపు మూసేశాక ఆరు గంటలు బయటికి రాలేనన్న ఆలోచనే ఊపిరాడనివ్వదు. వీళ్లు లిఫ్టు ఎక్కమన్నా మెట్ల దారే పడతారు. ఇంకొందరికి భయం తమ ఒంటి మీదే: "గుండె ఆగిపోతే? అందరి ముందు అరిచేస్తే? వాంతి అయితే పరువేం కావాలి?" అని. ఎత్తు పడనివాళ్లు వేరే.

ఇంట్లోవాళ్లు ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే: "మీకు అక్కడ ఏం జరుగుతుందని భయం?" అని. ఏ భయమో తెలియకుండా చెప్పే ధైర్యం పనిచేయదు. తలుపు మూస్తే ఊపిరాడని మనిషికి విమానం రెక్క ఎంత గట్టిదో గంట సేపు చెప్పినా ఉపయోగం లేదు.

భయం ఏదైనా ఒంట్లో జరిగేది మాత్రం దాదాపు ఒకటే. మెదడులో బాదం గింజంత భాగం ఒకటి ఉంది, అమిగ్డలా. ప్రమాదం అనిపిస్తే చాలు, నిజమా కాదా అని విచారించకుండా అది సైరన్ మోగిస్తుంది. ఒంట్లోకి అడ్రినలిన్ దూసుకొస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, చేతులు చల్లబడతాయి, కడుపులో తిప్పుతుంది. ఊపిరి పైపైన, గబగబా మొదలవుతుంది. ఇక్కడే అసలు చిక్కు వస్తుంది. అలా వేగంగా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. దాంతో వేళ్లు, పెదాలు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది, ఛాతీ పట్టేసినట్టుంటుంది. మనిషి దాన్ని చూసి "ఇది హార్ట్ ఎటాక్" అనుకుంటాడు. ఆ ఆలోచనతో భయం రెట్టింపు, ఊపిరి ఇంకా వేగం.

ఈ అల సాధారణంగా పది నిమిషాల లోపే శిఖరానికి చేరి, తర్వాత దానంతట అదే దిగడం మొదలుపెడుతుంది. అడ్రినలిన్ అలా గంటల తరబడి పొంగుతూ ఉండదు. విమానంలో భయపడేవాళ్లకు ఇది తెలియడం చాలా పెద్ద సంగతి, ఎందుకంటే ఆ క్షణంలో అనిపించేది "ఇది జిద్దా దాకా ఇలాగే ఉంటుంది" అని. నిజంగానే గుండె జబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు మాత్రం టికెట్ కొనకముందే తమ డాక్టర్‌తో మాట్లాడుకోవాలి.

"భరోసా లేదా?" అనే మాట

మన ఇళ్లలో ఈ మాట ఎవరో ఒకరు అనేస్తారు. మంచి ఉద్దేశంతోనే అంటారు. కానీ వినేవాళ్లకు అది రెండో దెబ్బ. ముందే భయం, ఇప్పుడు దాని మీద గునాహ్ చేశానేమో అన్న బాధ. భయం ఒంటి స్వభావం, అఖీదా లెక్క కాదు. హజ్రత్ మూసా అలైహిస్సలామ్ తన చేతికర్ర పాములా కదలడం చూసి వెనుదిరిగిన ఘట్టం ఖుర్ఆన్‌లోనే ఉంది. ఒంటెను కట్టేసి ఆ తర్వాత తవక్కుల్ చేయమన్న హదీసు కూడా చిన్నప్పటి నుంచి అందరూ విన్నదే. ఊపిరి అదుపులో పెట్టుకోవడం, అవసరమైతే డాక్టర్ దగ్గరికి పోవడం, విమానం ఎలా ఎగురుతుందో తెలుసుకోవడం, ఇవన్నీ ఒంటెను కట్టేయడమే.

ధైర్యం గురించి మాట్లాడితే ముహమ్మద్ అలీ పేరు రాక మానదు. 1960లో రోమ్ ఒలింపిక్స్‌కు ఎంపికయినప్పుడు ఆయనకు 18 ఏళ్లు. అప్పటికి ఇస్లాం స్వీకరించలేదు, పేరు కాసియస్ క్లే. బరిలో ఎవరికీ వెనకడుగు వేయని ఆ కుర్రాడు విమానం ఎక్కనని మొండికేశాడు. అంతకు ముందు కాలిఫోర్నియాకు చేసిన ప్రయాణంలో విమానం బాగా కుదిపేయడంతో భయం పట్టుకుంది. కోచ్ జో మార్టిన్ గంటల తరబడి కూర్చోబెట్టి నచ్చజెప్పాల్సి వచ్చింది. ఆ కుర్రాడు సైనిక సామాన్ల దుకాణంలో పారాచూట్ కొని, దాన్ని వేసుకునే విమానంలో కూర్చున్నాడని మార్టిన్ కొడుకు తర్వాత చెప్పారు. రోమ్ నుంచి బంగారు పతకంతో తిరిగొచ్చాడు. 1972లో హజ్ కూడా చేశారు. పారాచూట్ వల్ల ఆయనకు ఒరిగింది ఏమీ లేదు, ప్రయాణికుల విమానం నుంచి దాంతో దూకడం కుదరని పని. కానీ భయంతోనే ఎక్కారు, భయం పోయేదాకా ఆగలేదు. గమనించాల్సింది అదే.

ఏ శబ్దం ఎందుకు

మొదటిసారి ఎక్కేవాళ్లను ఎక్కువగా బెదరగొట్టేది శబ్దాలు. ఆటో ఇంజన్ మోత మారితే డ్రైవర్ గేర్ మార్చాడని అందరికీ తెలుసు, ఎవరూ ఉలిక్కిపడరు. విమానం మోత మారితే మాత్రం ఏదో అయిపోయిందనిపిస్తుంది. అందుకే ప్రయాణానికి ముందే ఒక సాయంత్రం కూర్చోబెట్టి ఈ వరుస కథలా చెబితే చాలామందికి సగం బరువు దిగుతుంది.

తలుపులు మూశాక ఒక్కోసారి లైట్లు ఓ క్షణం ఆరి వెలుగుతాయి, ఏసీ గాలి ఆగి మళ్లీ వస్తుంది. కరెంటు ఒక చోటి నుంచి మరో చోటికి మారుతోంది, అంతే. హైదరాబాద్ నుంచి గల్ఫ్‌కు తిరిగే విమానాల్లో ఎయిర్‌బస్ ఎ320 రకం చాలా ఉంటాయి. వాటిలో బయల్దేరే ముందు కాళ్ల కింద నుంచి రంపం కోస్తున్నట్టో, కుక్క ఆగి ఆగి మొరుగుతున్నట్టో ఒక శబ్దం వస్తుంది. విని బెంబేలెత్తేవాళ్లు ఎందరో. హైడ్రాలిక్ ఒత్తిడిని ఒక వైపు నుంచి మరో వైపుకు పంపే పంపు అది. దిగిన తర్వాత కూడా వినిపిస్తుంది.

ఆ తర్వాత విమానం రన్‌వే మీదికి వెళ్లి ఆగుతుంది. ఇంజన్లు గర్జిస్తాయి, వీపు సీటుకు అంటుకుపోతుంది. ముప్పై నలభై సెకన్ల పరుగు. పైన లగేజీ అరలు గడగడలాడతాయి. అవి ప్లాస్టిక్ పలకలు, విమానం ఎముకలు కావు. ముక్కు లేస్తుంది. నేల వదిలిన కొన్ని సెకన్లకు కింద "ధబ్" మంటుంది: చక్రాలు లోపలికి ముడుచుకుని తలుపులు మూసుకున్నాయి.

ఇంకొద్ది సేపటికి ఎక్కువమంది భయపడే క్షణం వస్తుంది. ఇంజన్ మోత ఒక్కసారి తగ్గుతుంది, కడుపులో జారినట్టు, విమానం కిందికి పోతున్నట్టు అనిపిస్తుంది. "ఇంజన్ ఆగిపోయింది!" అని పక్కవాళ్ల చేయి గట్టిగా పట్టుకునేది ఇక్కడే. నిజానికి విమానం పైకే పోతోంది. నేల మీది నుంచి లేవడానికి ఎక్కువ శక్తి కావాలి, లేచాక అంత అక్కర్లేదు, పైలట్ తగ్గించాడు. కళ్లకు ఆనవాలు లేనప్పుడు లోపలి చెవి వేగం తగ్గడాన్ని కిందికి పడటంగా పొరబడుతుంది. ఈ ఒక్క విషయం ముందే తెలిసినవాళ్లు ఆ క్షణాన్ని గుర్తుపట్టి, "ఆఁ, ఇదే అది" అనుకోగలరు.

టింగ్ టింగ్ మనే గంటలు చాలా వరకు సిబ్బంది ఒకరినొకరు పిలుచుకునేవి. దిగేటప్పుడు రెక్కల వెనక పలకలు గుయ్ మంటూ బయటికి వస్తాయి, చక్రాలు మళ్లీ ధబ్ మంటూ దిగుతాయి, గాలి హోరు పెరుగుతుంది. నేలకు తగిలాక ఇంజన్లు ఇంకోసారి గట్టిగా గర్జిస్తాయి. అది బ్రేకుకు సాయం చేసే గర్జన. ఎప్పుడైనా దిగబోతూ మళ్లీ పైకి లేచిపోతే కంగారు వద్దు. ముందున్న విమానం రన్‌వే ఖాళీ చేయకపోయినా, గాలి అనుకూలంగా లేకపోయినా పైలట్లు ఇంకో చుట్టు తిరిగి వస్తారు. దాన్ని వాళ్లు క్రమం తప్పకుండా సాధన చేస్తారు.

కుదుపులు, రెక్కలు, మెరుపులు

విమానం గాలిలో కుదుపుకు గురైతే "వెయ్యి అడుగులు పడిపోయాం" అని దిగాక చెబుతారు. మామూలు కుదుపుల్లో ఎత్తులో వచ్చే మార్పు చాలాసార్లు కొన్ని అడుగులే, గట్టి కుదుపులో పదుల అడుగులు. ఒళ్లు దాన్ని వందలుగా లెక్కేస్తుంది. గుంతల రోడ్డు మీద బస్సు ఎగిరెగిరి పడుతుంది, అయినా రోడ్డు కిందికి పోదు. గాలి కూడా ఆ వేగంలో అంత గట్టి దారే.

రెక్క చివర ఊగడం చూసి విరిగిపోతుందని భయపడతారు. ఊగేలాగే చేశారు దాన్ని. విమానం ఎదుర్కోవచ్చని లెక్కగట్టిన గరిష్ఠ భారానికి ఒకటిన్నర రెట్లు తట్టుకుంటేనే అనుమతి ఇస్తారు. 1995లో బోయింగ్ 777 రెక్కలను కావాలనే విరిగేదాకా వంచి చూశారు. చివరలు దాదాపు 24 అడుగులు పైకి వంగాయి, ఆ గరిష్ఠ భారానికి 154 శాతం దగ్గర గానీ విరగలేదు.

రెండు ఇంజన్లూ ఆగిపోతే రాయిలా పడిపోతుందా? పడదు, జారుతూ పోతుంది. 2001 ఆగస్టులో అట్లాంటిక్ మీద ఎయిర్ ట్రాన్సాట్ సంస్థ ఎయిర్‌బస్ ఎ330లో ఇంధనం కారిపోయి రెండు ఇంజన్లూ ఆగాయి. పైలట్లు 19 నిమిషాల పాటు ఇంజన్లు లేకుండానే నడిపి అజోర్స్ దీవుల్లో దించారు. లోపలున్న 306 మందీ బతికారు. మెరుపు సంగతి ఇంకా చిన్నది. ఒక ప్రయాణికుల విమానానికి సగటున ఏడాదికోసారి మెరుపు తగులుతుంది, పై తొడుగు మీదుగా పారి బయటికి పోతుంది. ఇక తలుపు: ఆకాశంలో ఎత్తున పోతున్నప్పుడు లోపలి గాలి ఒత్తిడి దాన్ని బిగించి ఉంచుతుంది. ఏ మనిషి బలానికీ అది తెరుచుకోదు.

అయితే కుదుపులను పూర్తిగా తేలిగ్గా తీసేయడమూ తప్పే. 2024 మేలో లండన్ నుంచి సింగపూర్ వెళ్తున్న విమానం మయన్మార్ మీద తీవ్రమైన కుదుపులో చిక్కుకుంది. ఒక ప్రయాణికుడు చనిపోయారు, చాలామంది గాయపడ్డారు. విమానం మాత్రం బ్యాంకాక్‌లో క్షేమంగా దిగింది. కుదుపుల్లో ఎక్కువగా దెబ్బలు తగిలేది బెల్టు పెట్టుకోనివాళ్లకు. కాబట్టి లైటు ఆరినా, నిద్రపోతున్నా, బెల్టు వదులుగానైనా ఉంచుకోవాలి. ఇహ్రామ్ లోనైనా, బురఖా మీదుగానైనా.

అహ్మదాబాద్ తర్వాత

2025 జూన్ 12న అహ్మదాబాద్ నుంచి లండన్ బయల్దేరిన ఎయిర్ ఇండియా విమానం లేచిన కొద్ది సెకన్లలోనే కూలింది. 242 మందిలో ఒక్కరే బతికారు. ఆ వీడియో ప్రతి ఫోన్లోకీ వచ్చింది, చూసినవాళ్లు ఇప్పటికీ మరచిపోలేదు. గల్ఫ్ కుటుంబాలకు అంతకు ముందే రెండు గాయాలున్నాయి. 2010 మేలో మంగళూరులో 158 మంది చనిపోయారు, 2020 ఆగస్టులో కోజికోడ్‌లో 21 మంది. రెండూ దుబాయ్ నుంచి వచ్చినవే, నిండా ఇంటికొస్తున్న మనుషులే. "విమానాలు కూలవు" అని ఎవరికైనా చెబితే అది అబద్ధం. భయపడే మనిషి ఆ అబద్ధాన్ని ఇట్టే పట్టేస్తాడు, ఆ తర్వాత ఏం చెప్పినా నమ్మడు.

నిజం చెప్పాలంటే లెక్క ఇలా ఉంది. అంతర్జాతీయ విమాన రవాణా సంఘం ప్రకారం 2023లో ప్రపంచమంతా కలిపి 3.7 కోట్లకు పైగా విమాన ప్రయాణాలు జరిగితే, ప్రాణాలు పోయిన ప్రమాదం ఒక్కటి, నేపాల్‌లో. 2024 అంతకంటే చెడ్డ ఏడాది, అలాంటి ప్రమాదాలు ఏడు, ప్రయాణాలు 4 కోట్ల పైచిలుకు. అదే మన దేశపు రోడ్ల మీద 2022 ఒక్క ఏడాదిలో చనిపోయినవాళ్లు 1,68,491 మంది, అంటే రోజుకు 460 మందికి పైగా. ఇంటి నుంచి శంషాబాద్ దాకా కారులో పోయేటప్పుడు మాత్రం ఎవరూ తస్బీహ్ గట్టిగా పట్టుకోరు.

ఈ లెక్క ఒకసారి చెప్పి వదిలేయడం మేలు. భయం లెక్కలతో పుట్టలేదు, లెక్కలతో పోదు. పదే పదే చెబితే "నా బాధ వీళ్లకు అర్థం కాలేదు" అనిపిస్తుంది. దానికంటే చేయదగిన పని ఇంకొకటుంది: ప్రయాణానికి నెల ముందు నుంచి ప్రమాదాల వీడియోలు ఇంట్లో ఎవరూ పెట్టకపోవడం. యూట్యూబ్‌లో ఒకటి చూస్తే పది తోసుకొస్తాయి. అవి చూసి ధైర్యం తెచ్చుకున్నవాళ్లు ఎవరూ ఉండరు.

టికెట్ నుంచి సీటు దాకా

భయాన్ని పెంచిపోషించేది తప్పించుకోవడం. ఒకసారి టికెట్ రద్దు చేస్తే ఆ క్షణం ఎంతో హాయిగా ఉంటుంది. మెదడు ఆ హాయిని గుర్తుపెట్టుకుని, "చూశావా, ఎక్కకపోబట్టి బతికిపోయాం" అని పాఠం నేర్చుకుంటుంది. తర్వాతిసారి భయం ఇంకొంచెం పెద్దదై వస్తుంది. అందుకే మానసిక వైద్యులు ఈ భయానికి చేసే చికిత్సలో ప్రధానమైనది కొంచెం కొంచెంగా ఎదురుపడటమే. ముందు విమానం లోపలి వీడియోలు ఇంట్లో చూడటం, ఎవరినైనా సాగనంపడానికి శంషాబాద్ వెళ్లి బయటి నుంచే విమానాలు లేవడం చూడటం, వీలైతే ఒక చిన్న ప్రయాణం. హైదరాబాద్ నుంచి విజయవాడకు ఇంచుమించు గంట. ఎక్కిన కాసేపటికే దిగడం మొదలవుతుంది. ఖర్చే కదా అనిపిస్తుంది. కానీ లక్షలు పోసిన ఉమ్రా ప్యాకేజీ ఎయిర్‌పోర్టు గేటు దగ్గర వదులుకోవడం కంటే ఇది చవక.

పగటి వేడికి నేల కాగి గాలి పైకి లేవడం మధ్యాహ్నానికి ఎక్కువవుతుంది కాబట్టి పొద్దున్నే బయల్దేరే విమానాల్లో కుదుపులు సాధారణంగా తక్కువ. సీటు రెక్కల దగ్గర అడిగి తీసుకోవాలి, తోక వైపు ఊపు ఎక్కువ. ఊపిరాడనట్టు ఉండేవాళ్లకు నడవ పక్క సీటు, ఎప్పుడైనా లేవొచ్చన్న ధైర్యం ఉంటుంది. కిటికీ పక్కన కూర్చుంటే తేలికపడేవాళ్లూ ఉన్నారు. పక్కన ఎవరు కూర్చోవాలన్నది అంతకంటే ముఖ్యం. ఇంట్లో కంగారు మనిషిని కాకుండా నిదానస్తులను కూర్చోబెట్టాలి, అది కొడుకే కానక్కర్లేదు.

పెద్దవాళ్లకు విమానం కంటే ముందే ఎస్కలేటర్ దగ్గర భయం మొదలవుతుంది. లిఫ్టు ఉంటుంది, టికెట్ కొనేటప్పుడే అడిగితే వీల్‌చైర్ సాయం కూడా ఉంటుంది. ఇంకో సంగతి ఎవరూ మాట్లాడరు గానీ చాలామందిని బాధపెడుతుంది, టాయిలెట్. మడత తలుపు ఎలా తెరవాలో తెలియదు, లోపల ఇరుకు, మీట నొక్కితే పెద్ద హోరు. అందుకని కొందరు నానీలు, దాదీలు ముందు రోజు నుంచే నీళ్లు మానేస్తారు. విమానంలో గాలి పొడిగా ఉంటుంది, నీళ్లు తాగకపోతే తల తిరుగుతుంది, నోరు ఎండుతుంది, గుండె దడదడలాడుతుంది. ఆ లక్షణాలనే భయం అనుకుని ఇంకా భయపడతారు. విమానం ఎక్కగానే, అందరూ కూర్చోక ముందే, ఒకసారి తోడు వెళ్లి తలుపు తీసి వేసి, ఆ హోరు వినిపించి తీసుకొస్తే సరిపోతుంది.

బయల్దేరే ముందు ఇరానీ చాయ్‌లు మీద చాయ్‌లు వద్దు, కాఫీ అసలే వద్దు. అవి గుండె వేగాన్ని పెంచుతాయి. ఖాళీ కడుపూ మంచిది కాదు. దిగేటప్పుడు చెవులు మూసుకుపోతే మింగడం, ఆవలించడం, ఓ ఖర్జూరం నమలడం చాలు. చంటిపిల్లలకు పాలు పట్టాలి.

దడ మొదలైనప్పుడు

సీట్లో దడ మొదలైతే ముందు చేయాల్సింది ఊపిరిని నెమ్మది చేయడం. ముక్కుతో నాలుగు లెక్కపెట్టే దాకా లోపలికి, నోటితో ఆరు లెక్కపెట్టే దాకా బయటికి. బయటికి వదిలేది పొడవుగా ఉండాలి, అదే కీలకం. తస్బీహ్ చేతిలో ఉన్నవాళ్లకు ఇది ఇంకా సులువు: ఊపిరి మెల్లగా వదులుతూ ఒక్కో పూస జరపడం. కంగారులో చాలామంది దుఆలు గబగబా, ఊపిరి తిప్పుకోకుండా చదువుతారు. దాంతో తిమ్మిర్లు ఇంకా ఎక్కువవుతాయి. అదే జిక్ర్, నిదానంగా చేస్తే ఒళ్లు దానంతట అదే దిగుతుంది.

సీటు చేతులను బిగించి పట్టుకోవడం అందరూ చేసేదే. అలా పట్టుకుంటే కుదుపు ఇంకా గట్టిగా ఒంటికి తెలుస్తుంది. భుజాలు వదిలేసి, పాదాలు నేలకు ఆనించి, బండిలో కూర్చున్నట్టు కొంచెం ఊగనివ్వాలి. సిబ్బందికి "నాకు భయం" అని ఎక్కేటప్పుడే చెప్పడం నామోషీ కాదు. వాళ్లు రోజూ అలాంటివాళ్లను చూస్తుంటారు, కుదుపు వస్తే వచ్చి ఒక మాట చెప్పి పోతారు. సౌదియా విమానాల్లో బయల్దేరే ముందు సఫర్ దుఆ వినిపిస్తారు, కొందరికి అక్కడే కళ్లు తడిసి గుండె తేలికవుతుంది.

ఉమ్రాకు నేరుగా జిద్దా పోయేవాళ్లకు ఇంకో కంగారు ఉంది, మీఖాత్. విమానం దాన్ని దిగడానికి ముందే, ఆకాశంలోనే దాటుతుంది. ఇహ్రామ్ ఎప్పుడు కట్టాలి, నియ్యత్ తప్పిపోతుందేమో అన్న ఆదుర్దా భయానికి తోడవుతుంది. గుడ్డలు ఇంట్లోనో ఎయిర్‌పోర్టులోనో కట్టుకుని, నియ్యత్ మాత్రం మీఖాత్ దగ్గర చేసుకుంటే ఆ ఇరుకు టాయిలెట్లో మార్చుకునే తిప్పలు ఉండవు. ముందు మదీనా వెళ్లే ప్యాకేజీ అయితే విమానంలో ఇహ్రామ్ మాటే రాదు, అక్కడి నుంచి జుల్ హులైఫా దగ్గర కట్టుకుంటారు. బాగా భయపడేవాళ్లకు ఆ దారి నయం. మసలాల సందేహాలు ఇమామ్ సాబ్‌ను ప్రయాణానికి ముందే అడిగి తేల్చుకోవాలి.

మందు బిళ్లల సంగతి

"నిద్రమాత్ర వేసుకుని పడుకో, లేచేసరికి జిద్దా" అని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి బంధుబలగంలోనూ ఉంటారు. ఆల్ప్రజోలం లాంటి బిళ్లలు ఆ ఒక్క ప్రయాణంలో భయాన్ని తగ్గిస్తాయి, నిజమే. కానీ విమాన భయం ఉన్న మహిళల మీద అమెరికాలో చేసి 1997లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి ప్రయాణంలో ఆ బిళ్ల వేసుకున్నవాళ్లకు వారం తర్వాత బిళ్ల లేకుండా ఎక్కినప్పుడు భయం మిగతావాళ్ల కంటే ఎక్కువగా వచ్చింది. "నేను తట్టుకోగలను" అని ఒళ్లు నేర్చుకునే అవకాశాన్ని బిళ్ల లాగేసుకుంది. పైగా పెద్దవాళ్లు వాటితో తూలి పడొచ్చు. కాళ్లు కదపకుండా గంటల తరబడి పడుకుంటే రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా ఉంది.

అంతకంటే పెద్ద ప్రమాదం దిగిన చోట. ఆల్ప్రజోలం, డయాజిపామ్, ట్రమడాల్ లాంటివి సౌదీ, యూఏఈ వంటి గల్ఫ్ దేశాల్లో నియంత్రిత మందులు. డాక్టర్ చీటీ, అవసరమైన చోట ముందస్తు అనుమతి లేకుండా సంచిలో దొరికితే జైలు దాకా పోవచ్చు. పక్కింటివాళ్లు ఇచ్చిన స్ట్రిప్పు జేబులో వేసుకుని పోవడం అంటే విమానం కంటే నిజమైన అపాయాన్ని వెంట తీసుకుపోవడం. (మన వంటింటి ఖస్‌ఖస్, అదే గసగసాలు, అక్కడ నిషేధమే. మసాలా పొట్లాలు కూడా ఒకసారి చూసుకోవాలి.)

నెలల తరబడి నిద్ర పట్టకపోతే, టికెట్ మాట వింటేనే దడ వస్తుంటే మానసిక వైద్యుడిని కలవాలి. "పిచ్చి డాక్టర్ దగ్గరికా?" అనే మాట మన వాడల్లో ఇంకా ఉంది. ఇలాంటి భయాలకు మాటలతో, సాధనతో చేసే చికిత్స చాలామందికి కొద్ది వారాల్లోనే పనిచేస్తుంది. గడప దాటడం కష్టమైతే ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416కు ఇంట్లో నుంచే ఫోన్ చేయొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఒకసారి వెళ్లొచ్చాక భయం పూర్తిగా పోయిందనుకోకూడదు. తిరుగు ప్రయాణానికి ముందు రాత్రి మక్కా హోటల్ గదిలో మళ్లీ దడ రావచ్చు, కొందరికి అప్పుడే ఎక్కువ. పోయేటప్పుడు తవాఫ్ ధ్యాసలో ఉన్న మనసు, వచ్చేటప్పుడు ఖాళీగా ఉంటుంది. అప్పుడు కూడా అదే వరుస మళ్లీ చెప్పుకోవాలి: లైట్లు ఆరి వెలగడం, కుక్క మొరుగుడు, పరుగు, ధబ్ శబ్దం, మోత తగ్గడం. ఇంటికి చేరి జమ్‌జమ్ పంచాక, ఆరు నెలలో ఏడాదో తిరక్కముందే ఇంకో చిన్న ప్రయాణం పెట్టుకుంటే మంచిది. కూతురి దగ్గరికి బెంగళూరు అయినా సరే.